ఇంటి వాక్యం

అర్థంగారికి ఆ పేరు పెట్టింది వాళ్ళ వీధి. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఇంకోటి ఉంది కానీ కరెంటు బిల్లు మీద తప్ప అది ఎక్కడా పనికి రావడం లేదు. ఎదురింటాయన "బాగున్నారా" అని పలకరిస్తే, "బాగు అంటే ఏ అర్థంలో, ఒంట్లోనా, ఇంట్లోనా?" అని నడివీధిలో నిలబెట్టి అడిగే మనిషిని వీధి మరేమని పిలుస్తుంది? పాపం ఎదురింటాయన ఆ తర్వాత పలకరించడం మానేసి, దూరం నుంచే చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. చెయ్యి ఊపితే అర్థం అడగడు కదా అని ఆయన ధైర్యం.

ఉద్యోగం నిఘంటువు ఆఫీసులో. ఇంగ్లీషు మాటలకి తెలుగు అర్థాలు రాసే ఆఫీసు అది, ఒక పాత మేడలో పై అంతస్తు. లిఫ్టు ఉందంటే ఉంది, దాన్ని నమ్ముకుని ఎక్కినవాళ్ళు మధ్యలో వేలాడుతూ ఉంటారు. అక్షరానికొక ఎడిటరు. మన అర్థంగారికి యూ అక్షరం దక్కింది. పక్క గదిలో ఎస్ అక్షరం చూసేవాళ్ళది సముద్రం ఈదే పని, వాళ్ళు కూడా అవతలి ఒడ్డు కనబడుతోందని సంబరపడుతున్నారు. ఈయన మాత్రం 'అండర్‌స్టాండ్' అనే ఒక్క క్రియ దగ్గర ఏడాది నుంచీ మకాం వేసి కూర్చున్నాడు. అర్థం చేసుకోవడం అనే పని అంత తొందరగా తెమిలేది కాదని ఆయన వాదన.

ఏడాదిలో ఆయన సాధించినదాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. ఆ మాటకి అయిదు అర్థాలు విడదీశాడు. మాటలోని భావం తెలియడం ఒకటి. మనిషి స్వభావం ఎరిగి ఉండటం ఇంకోటి. ఎదుటివాడి బాధ గ్రహించి దగ్గరకు తీయడం మూడోది. ఎవరో చెప్పగా విని, అలాగని అనుకోవడం నాలుగోది. పైకి చెప్పకపోయినా ఒప్పుకున్నట్టే లెక్కవేసుకోవడం అయిదోది. ఇందులో ఈ అయిదోదాన్ని ఆయన పుస్తకంలో రాయడమే కాక ఇంట్లో బాగా వాడేవాడు కూడా.

అసలు గర్వం మాత్రం మూలం మీద. ఆ మాట ఎక్కడినుంచి పుట్టిందో రాసిన పేరా ఒకటుంది. అండర్ అంటే కింద, స్టాండ్ అంటే నిలబడటం. కాబట్టి ఒక విషయం పాదాల దగ్గర తలవంచుకుని, వినయంగా నిలబడ్డవాడికే అది అర్థమవుతుంది. ఇదీ ఆయన తేల్చింది. ఈ పేరాని ఒక పెళ్ళి భోజనాల దగ్గర చెప్పాడు, ఒక రిటైర్మెంటు సభలో చెప్పాడు, చివరికి ఒకరింటికి పరామర్శకి వెళ్ళి అక్కడా చెప్పాడు. పోయినాయన అదృష్టవంతుడు, వినాల్సిన పని లేకపోయింది. వినయం గురించి అంత గర్వంగా చెప్పగలిగిన మనిషిని ఆ ఊళ్ళో ఇంకెవరూ చూసి ఉండరు.

ఆ ఆఫీసులో మాట అచ్చుకి వెళ్ళాలంటే రెండు గండాలు గడవాలి. అందరూ పెద్దబల్ల చుట్టూ కూర్చుంటారు, మాట తయారుచేసినవాడు నిలబడి చదువుతాడు. మొదటి గండం పేరు 'పెట్టి చూడటం'. ఎవరైనా ఒక వాక్యం చెబుతారు. అందులో మాట తీసేసి, ఆ చోట మీరు రాసిన అర్థం పెట్టాలి. వాక్యం కుంటకూడదు. రెండో గండం 'ఇంటి వాక్యం'. మీరు రాసిన అర్థం మీ ఇంట్లో, మీ చెవులారా విన్న వాక్యం ఒకటి చెప్పాలి. కల్పించకూడదు, పుస్తకాల్లోంచి ఎత్తకూడదు. "మన ఇళ్ళలో ఎవరూ అనని అర్థాలు మనం ఎవరి కోసం రాస్తున్నట్టు?" అని పెద్దాయన ఎప్పుడో పెట్టిన పద్ధతి ఇది. పెద్దాయన అంటే ఆ ఆఫీసుకి అధిపతి, కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఆఫీసంతా వెతికే మనిషి. ఎస్ అక్షరం ఎడిటరు తిట్టడం అనే అర్థమున్న 'స్కోల్డ్' మాటకి ఇంటినుంచి సంచీడు వాక్యాలు తెచ్చి, ఏది ఉంచాలో తేల్చుకోలేక సతమతమయ్యాడట.

అర్థంగారి ఇంటి వాక్యాలన్నీ భార్య దగ్గరినుంచే రావాలి, ఇంట్లో ఉన్నది ఇద్దరే కాబట్టి. ఆవిడ సిటీ బస్సు నడుపుతుంది. పొద్దున్నే సీటు మీద వేసుకునే మెత్త చంకలో పెట్టుకుని వెళుతుంది, సాయంత్రం ఎడమ భుజం నొక్కుకుంటూ వస్తుంది. ఎంత మలుపులో తిప్పినా నిలబడ్డవాళ్ళ చేతిలో కాఫీ తొణకదని ఆ రూట్లో ఆవిడకి పేరు. బస్సంటే ప్రాణం. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోదు, సెలవు రోజున మధ్యాహ్నానికల్లా చిరాకుపడుతుంది, అందులో తెలిసిపోతుంది. ఆయన మాత్రం అది తలనొప్పి అనుకునేవాడు.

సోమవారం పొద్దున, ఆఫీసుల వేళ, బస్సు కిటకిటలాడుతూ వంతెన దగ్గరికి వచ్చింది. ఎర్రలైటు పడితే ఆగింది. పచ్చలైటు పడింది, బస్సు కదల్లేదు. వెనకనించి హారన్లు. ఆవిడ ఇంజను ఆపేసింది, బ్రేకు వేసింది, తాళంచెవి జేబులో పెట్టుకుంది, తలుపులు తెరిచి దిగి వెళ్ళి పేవ్‌మెంటు మీద కూర్చుంది. జనం ముందు టైరు పోయిందనుకున్నారు. టైరు నిక్షేపంగా ఉండేసరికి కేకలు మొదలుపెట్టారు. వాచీ చూపించినవాడు వాచీ చూపించాడు, ఫోను తీసి ఫిర్యాదు చేసినవాడు ఫిర్యాదు చేశాడు. ఆవిడ ఎవరికీ బదులు చెప్పలేదు. కాసేపటికి తనంతట తనే లేచింది, ఎక్కింది, చివరి స్టాపుదాకా ఎప్పట్లాగే కాఫీ తొణక్కుండా నడిపింది. డిపోలో తాళంచెవి తీసేసుకున్నారు. గురువారం పదకొండింటికి విచారణ అన్నారు.

ఆ సాయంత్రం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఆవిడ ఇదంతా చెప్పింది. ఆయన గుమ్మానికి ఆనుకుని విన్నాడు.

"ఎందుకు ఆపావు?" అన్నాడు.

"తెలీదండీ."

"తెలీకపోవడమేమిటి? ఏదో ఒక మూలం లేకుండా ఏదీ పుట్టదు."

"నిజంగా నాకే అర్థం కాలేదు. పచ్చలైటు పడింది, కాలు కదల్లేదు. వెనక అంతమంది ఉన్నారు కదా అని భయమేసింది. అందుకే దిగిపోయా." కత్తి పక్కన పెట్టి, చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఉల్లిపాయల వల్ల అని ఆయన అనుకున్నాడు. "మళ్ళీ అలా అవుతుందేమోనని భయంగా ఉంది. బస్సు తీసేసుకుంటారేమోనని అంతకంటే భయంగా ఉంది."

"ఊఁ. తలనొప్పేమైనా వచ్చిందా?"

"లేదు. వినండి. విచారణకి ఒక మనిషిని తెచ్చుకోవచ్చట. ఆ మనిషి నోరు మెదపకూడదు. పక్క కుర్చీలో కూర్చోవాలి, అంతే. మీ పేరు ఇచ్చి వచ్చా. మీరొచ్చి పక్కన కూర్చోండి, చాలు."

వేరే మొగుడెవరైనా అయితే సరేననేవాడు, లేదా కుదరదనేవాడు. ఈయన ఆలోచించాడు. "మాట్లాడకూడదా? మాట్లాడకూడనప్పుడు నేనొచ్చి ఏం ప్రయోజనం?" అన్నాడు. పాపం, నిజంగానే అడిగాడు. మాటలు తప్ప చేతిలో ఇంకేమీ లేని మనిషిని నోరు కట్టేసి కూర్చోమంటే, కుర్చీకీ తనకీ తేడా ఏమిటన్నది ఆయన సందేహం.

ఆవిడ ఇంకో ఉల్లిపాయ ముందుకు లాక్కుంది. మళ్ళీ కత్తి తీసుకుంది.

మంగళవారం ఆయన మూలం వెతకడానికి నడుం కట్టాడు. ముందురోజు రాత్రి సరిగా నిద్రపట్టిందా అని అడిగాడు. ఎవరైనా మాట తూలారా అని అడిగాడు. వంతెనలంటే చిన్నప్పుడు భయముండేదా అని అడిగాడు. ఆవిడ అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. ఇలా కాదని మరదలికి ఫోను చేశాడు. మరదలు రెండు వీధుల అవతల సెలూన్‌లో జుట్టు కత్తిరిస్తుంది, నోరు కత్తెర కంటే పదును.

"మీ అక్క చిన్నతనంలో ఎప్పుడైనా ఉన్నట్టుండి ఇలా ఆగిపోయేదా? ఆటల్లో గానీ, బళ్ళో గానీ?" అని అడిగాడు.

"బావగారూ, నా చేతిలో కత్తెర ఉంది, ఎదురుగా కస్టమరు తల ఉంది. మా అక్క చిన్నతనం ఇప్పుడు కావలసి వచ్చిందా మీకు?"

"కారణం తెలిస్తే కదా పరిష్కారం."

"అక్క అడిగింది కారణం కాదు. మిమ్మల్ని రమ్మంది."

"నేను అంతకంటే మంచిదే చేస్తున్నా. విజ్ఞాపన రాస్తున్నా."

"ఆవిడ మిమ్మల్ని రాయమనలేదు బావగారూ, రమ్మంది" అని మరదలు ఫోను పెట్టేసింది. చదువుకోని మనుషులకి రాతకోతల విలువ తెలియదని ఆయన నిట్టూర్చాడు. మరదలు డిగ్రీ చదివిందన్న సంగతి ఆ క్షణాన ఆయనకి గుర్తు లేదు.

విజ్ఞాపన తయారైంది. నాలుగు పేజీలు. మొదటి వాక్యం ఇలా ఉంది: 'నిరంతర చలనశీలమైన వాహన సారథ్య వృత్తిలో అంతర్నిహితంగా ఉండే శ్రమ, ఏకాగ్రత, బాధ్యతల సమష్టి ప్రభావం వల్ల తాత్కాలిక క్రియానిరోధం సంభవించుట అసహజము కాదు.' ఆ వాక్యం పూర్తి చేశాక ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

ఆవిడ నాలుగు పేజీలూ ఓపిగ్గా చదివింది. "ఇందులో నేనెక్కడున్నానండీ?" అంది.

"మొదటి వాక్యమంతా నువ్వేగా."

"నాకు కనబడలేదు" అని మడతపెట్టి పర్సులో పెట్టుకుంది. పర్సులో పెట్టుకుంది కదా, అంటే నచ్చినట్టే అని ఆయన తేల్చుకున్నాడు. అయిదో అర్థం.

బుధవారం మధ్యాహ్నం పెద్దాయన ఆయన గదిలోకి తొంగి చూశాడు. "రేపు పదింటికి మీ అండర్‌స్టాండ్ పెట్టుకుందామా? ప్రెస్సువాళ్ళు తొందరపెడుతున్నారు. ఏమైనా ఇబ్బందుంటే చెప్పండి, ఎల్లుండికి మార్చుకుందాం."

ఇబ్బందుందని చెప్పడానికి నోరు తెరిస్తే చాలు. ఆయన తెరిచాడు కూడా. అయితే సరిగ్గా అప్పుడే పెద్దాయన వెనకనించి లాటినమ్మ కనబడింది. లాటినమ్మ వయసులో చిన్నది, లాటిన్‌తో కలిపి ప్రాచీన భాషలు నాలుగు నోటికి వచ్చు. మూలాలన్నీ సరిచూసేది ఆవిడే. "మీ మూలం మీద చిన్న సందేహముందండీ, రేపు మాట్లాడుకుందాం" అంది నవ్వుతూ. సందేహమా, నా మూలం మీదా? అర్థంగారి ఒళ్ళు భగ్గుమంది. వాయిదా అడిగితే వెనకడుగు వేశాడనుకుంటారు. "రేపే కానివ్వండి" అన్నాడు. వినయానికి మూలం కనిపెట్టిన మనిషి మరి.

ఇంటికి వచ్చి చెప్పాడు. అప్పుడు మరదలు కూడా అక్కడే ఉంది, అక్కకి యూనిఫారం ఇస్త్రీ చేసిపెడుతోంది.

"నాది పదింటికి, నీది పదకొండింటికి. చదివేసి పరిగెత్తుకొచ్చేస్తా. ఒకవేళ కాస్త ఆలస్యమైనా విజ్ఞాపన ఉంది కదా నీ దగ్గర."

మరదలు ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "నేను వెళ్తానక్కా. సెలూన్‌కి సెలవు పెడతా."

"ఇచ్చిన పేరు మార్చడానికి నిన్నటితో గడువు అయిపోయింది" అంది ఆవిడ. తర్వాత మొగుడి వంక చూసి, "సరే" అంది.

మన భాషలో ఆడవాళ్ళు అనే 'సరే'కి ఎన్ని అర్థాలున్నాయో పెళ్ళయిన ప్రతి మగాడికీ తెలుసు. అందులో ఒప్పుకోవడం అన్నది ఎక్కడో చివర ఉంటుంది. నిఘంటువు ఆఫీసులో జీతం తీసుకునే ఈ మహానుభావుడు మాత్రం ఆ చివరిదాన్నే ఏరుకుని, హాయిగా పడుకున్నాడు.

గురువారం పదింటికి బల్ల చుట్టూ అందరూ చేరారు. అర్థంగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. అయిదు అర్థాలూ చదివాడు. 'పెట్టి చూడటం' మొదలైంది. ఒకాయన వాక్యం ఇచ్చాడు, మాట తీసి అర్థం పెడితే నిలబడింది. ఇంకొకాయన ఇచ్చాడు, అదీ నిలబడింది. ఎస్ అక్షరం ఎడిటరు ఒక మెలిక వాక్యం విసిరాడు, అది కాస్త తూలింది గానీ పడలేదు. పెద్దాయన తల ఊపుతూ, "బాగుంది, బాగుంది. ఇక ఇంటి వాక్యం చెప్పండి. మూడో అర్థానికి చెప్పండి, బాధ గ్రహించి దగ్గరకు తీయడం. అదే కష్టమైనది" అన్నాడు.

ఇది ఆయన ఊహించలేదు. మొదటి అర్థానికి అడుగుతారనుకున్నాడు, దానికి డజను సిద్ధం చేసుకున్నాడు. మూడో అర్థానికి ఇంట్లో విన్నదేముంది? జ్ఞాపకాలు తిరగేశాడు. ఏళ్ళ తరబడి భార్య అన్న మాటల్లో 'ఉప్పు చాలిందా', 'గొడుగు తీసుకెళ్ళండి', 'మీకు చెప్పి ఏం లాభం' లాంటివే తగులుతున్నాయి. అందరూ చూస్తున్నారు. లాటినమ్మ పెన్సిలు తిప్పుతోంది. అప్పుడు తట్టింది. తట్టగానే ఆయన మొహం విప్పారింది కూడా. ఆ సంగతి చెప్పడానికి కథ చెప్పే నాకే సిగ్గుగా ఉంది.

"ఉంది. మొన్న సోమవారం మా ఆవిడ అంది. 'నిజంగా నాకే అర్థం కాలేదు. మీరొచ్చి పక్కన కూర్చోండి, చాలు.' "

లాటినమ్మ చేతిలో పెన్సిలు ఆగింది. ఎవరో మెల్లగా "అబ్బ" అన్నారు.

"అద్భుతంగా ఉందయ్యా" అన్నాడు పెద్దాయన. "మొదటి అర్థం పైకి వినబడుతోంది, మూడోది మాట లేకుండానే వచ్చింది. ఇంత మంచి ఇంటి వాక్యం ఈ బల్ల దగ్గర నేను వినలేదు. ఎందుకంది ఆ మాట? సందర్భం చెప్పండి, పక్కన రాసుకోవాలి కదా."

"ఆవిడకి డిపోలో విచారణ ఉంది. పక్కన కూర్చోడానికి నన్ను రమ్మంది."

"పాపం. ఎప్పుడు?"

"ఇవాళే. పదకొండింటికి."

అందరి తలలూ ఒక్కసారి గోడ గడియారం వైపు తిరిగాయి. పదకొండుకి పది నిమిషాలుంది. డిపో అక్కడికి బస్సులో పావుగంట. పెద్దాయన నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించుకుని ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "మరి మీరిక్కడేం చేస్తున్నారు? వెళ్ళండి, వెళ్ళండి. మూలం సంగతి మధ్యాహ్నం చూసుకుందాం."

మనిషన్నవాడు అక్కడినుంచి పరిగెత్తాలి. అర్థంగారు సంచీ భుజాన వేసుకున్నాడు కూడా. తలుపు దాకా వెళ్ళాడు. కానీ వెనకనించి లాటినమ్మ, "ఏం పర్లేదండీ, మీ మూలంలో చిన్న మార్పే. ఆ 'కింద' అన్నది కొట్టేస్తే సరిపోతుంది" అంది. ఆవిడ సాయం చేద్దామనే అంది, పాపం.

ఆయన వెనక్కి తిరిగాడు. "కొట్టేయడమేమిటి?"

"వెళ్ళిరండి, తర్వాత చెబుతాను."

"చెప్పండి, రెండు నిమిషాలేగా."

లాటినమ్మ చెప్పింది. ఆ అండర్ ఇప్పుడు మనం వాడే 'కింద' కాకపోవచ్చని, పాత ఇంగ్లీషులో ఆ మాటకి 'నడుమ', 'మధ్య' అనే భావం కూడా ఉండేదని, ఈ క్రియలో ఉన్నది అదేనని చాలామంది పండితులు అనుకుంటారని చెప్పింది. పూర్తిగా తేలిన సంగతి కాదని కూడా నిజాయితీగా చెప్పింది. అంటే కింద నిలబడి చూడటం కాదు, నడుమకి వెళ్ళి నిలబడటం. దగ్గరగా, పక్కన.

ఆయన ఒప్పుకోలేదు. సంచీ భుజాన ఉండగానే వాదించాడు. తన పేరా చదివాడు, పెళ్ళిలో ఎంతమంది మెచ్చుకున్నారో చెప్పాడు. ఆవిడ పుస్తకం తెరిచి చూపించింది. ఆయన ఇంకో పుస్తకం తెమ్మన్నాడు. అదీ తెచ్చింది, అందులోనూ అదే ఉంది. గడియారం పదకొండు దాటింది. పదకొండుంపావు కూడా దాటాక, ఇక లాభం లేదనుకుని ఆయన కలం తీసి 'కింద' కొట్టేసి, తన చేత్తోనే 'నడుమ' అని రాశాడు. అది తన ఓటమి కాదని, శాస్త్రం గెలుపని ఒక చిన్న ప్రసంగం కూడా చేశాడు. పెద్దాయన అటు తిరిగి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

డిపోకి వెళ్ళే బస్సు ఆవిడ నడిపే రూటుదే. ఎవరో కొత్త డ్రైవరు, ప్రతి మలుపులోనూ జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. కడ్డీ పట్టుకుని వేలాడుతూ అర్థంగారు మొదటిసారిగా కాస్త కంగారుపడ్డాడు. వంతెన దగ్గర ఎర్రలైటు పడింది. ఆ పేవ్‌మెంటు కనబడింది. అక్కడ ఏముంది, చెత్తబుట్ట ఒకటి, వాడిపోయిన మొక్క ఒకటి. అందరూ అరుస్తుంటే అక్కడ ఒక్కతే ఎలా కూర్చుందో అనిపించింది. సోమవారం వంటింట్లో ఆవిడ ఒత్తుకున్న కళ్ళు ఉల్లిపాయల వల్ల కాదేమోనని కూడా అనిపించింది. ఆలస్యంగానైనా, బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది.

విచారణ గది తలుపు తీసే ఉంది. లోపల ఊడ్చే ఆవిడ తప్ప ఎవరూ లేరు. పొడుగు బల్లకి అటువైపు మూడు కుర్చీలు, మంచినీళ్ళ గ్లాసులు, సగం తాగినవి. ఇటువైపు రెండు కుర్చీలు పక్కపక్కనే. ఒకటి కాస్త వెనక్కి జరిగి ఉంది, ఎవరో లేచి వెళ్ళినట్టు. రెండోది బల్లకి ఆనించి పెట్టింది పెట్టినట్టే ఉంది. దాని ముందు ఒక నిండు గ్లాసు ఉంది.

భార్య బయట షెడ్డు దగ్గర, బస్సులు కడిగే చోట గట్టు మీద మెత్త ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇస్త్రీ యూనిఫారం నలగలేదు. ఆయన వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"నేను..."

"మీకోసం పావుగంట ఆగారు. నేనే మొదలుపెట్టమన్నా."

"విజ్ఞాపన ఇచ్చావా?"

"ఇచ్చా. పెద్దాఫీసరు మొదటి పేజీ చదివి, కళ్ళజోడు తుడుచుకుని, తిరిగిచ్చేశాడు. నువ్వు రాశావా అన్నాడు. కాదండీ, ఈ కుర్చీలో కూర్చోవలసినాయన రాశాడు అన్నా."

"ఏమడిగారు?"

"ఎందుకు ఆపావన్నారు. తెలీదన్నా. మంచివాళ్ళేనండీ, గట్టిగా ఏమీ అనలేదు. నా రికార్డు బాగుందన్నారు. చివర్న ఒక్కటే అడిగారు. మళ్ళీ ఇలా అయితే నీకెవరున్నారమ్మా, ఇంట్లో నిన్ను అర్థం చేసుకుని చూసుకునే మనిషి ఉన్నాడా అన్నారు. ఉన్నాడన్నా." ఆవిడ ఒళ్ళో మెత్తను సర్దుకుంది. "ముగ్గురూ పక్క కుర్చీ వంక చూశారు."

కడుగుతున్న బస్సు మీదనించి నీళ్ళు వచ్చి ఆయన బూట్ల కిందికి చేరాయి. ఆయన కదల్లేదు.

"బస్సు ఇవ్వనన్నారు. ఏడాదిపాటు టికెట్ల కౌంటర్లో కూర్చోమన్నారు. తర్వాత చూస్తారట." ఆవిడ పర్సులోంచి రుమాలు తీసుకుని ముక్కు తుడుచుకుంది.

ఆయనకి సిగ్గేసింది. ఏడుపొచ్చింది. తప్పయిపోయింది అనాలనుకున్నాడు. నోరు తెరిస్తే అలవాటైన మాటలు బయటికి వచ్చేశాయి.

"ఇవాళ ఆఫీసులో ఒక సంగతి తేలింది. అర్థం చేసుకోవడం అనే ఇంగ్లీషు మాట ఉంది చూశావూ, దానికి అసలు అర్థం కింద నిలబడటం కాదట. దగ్గరికి వచ్చి నిలబడటమట. నడుమ, పక్కన. నేనే రాశాను చివరికి, నా చేత్తో."

ఆవిడ రుమాలు మడతపెట్టి లోపల పెట్టుకుంది. మొగుడి మొహం వంక చాలాసేపు చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో, ఉంటే బాగుండుననిపించింది ఆయనకి.

"అది కనుక్కోడానికేనా మీరు రానిది?" అంది.

ఆయన సంచీని ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు.

ఇంటికి వెళ్ళే బస్సు వచ్చింది. ఆవిడ ముందు ఎక్కింది, ఆయన వెనక ఎక్కాడు. డ్రైవరు సీటు వైపు ఆవిడ ఒక్కసారి చూసి, మొహం తిప్పుకుని లోపలికి నడిచింది. కిటికీ దగ్గర ఇద్దరు కూర్చునే సీటు ఒకటి ఖాళీగా ఉంది. ఆవిడ కిటికీ వైపు కూర్చుంది. ఆయన కూర్చోబోయాడు. ఆవిడ సీటు మీద వేసుకునే మెత్తనీ, నాలుగు పేజీల విజ్ఞాపన ఉన్న పర్సునీ తీసి, పక్క సీట్లో పెట్టింది.

తర్వాతి స్టాపులో జనం విరగబడి ఎక్కారు. ఎవరో ఆ సీటు ఖాళీయేనా అని అడిగితే, కాదండీ, మనిషి వస్తాడు అని చెప్పిందావిడ. పక్కనే కడ్డీ పట్టుకుని, ఆ జనం నడుమ అర్థంగారు ఇంటిదాకా నిలబడే ఉన్నాడు.